మంగ కట్టిన పోగు

నర్సీపట్నంలో దారం కొనడానికి వెళ్ళే ఆడవాళ్ళు రెండు రకాలు. కొండబాబు మ్యాచింగ్ సెంటర్లో ట్యూబులైటు కింద నిలబడి, "ఇదే కరెక్ట్ కలరు" అని అతను చేతిలో పెట్టిన రీలు పుచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు మొదటి రకం. కొండబాబుకి వాళ్ళంటే చాలా గౌరవం. అతనికి ఎరుపుకీ మెరూనుకీ తేడా తెలియదని భార్యే చెబుతుంది. పెళ్ళిచూపులనాడు తను కట్టుకున్న చీర రంగు ఇప్పటికీ తప్పే చెబుతాడట. రెండో రకంలో మంగ ఒక్కతే ఉండేది.

మంగ రీలునీ గుడ్డనీ పట్టుకుని వీధిలోకి వచ్చేసేది. ఆటోవాళ్ళు హారన్ కొడితే వాళ్ళనే పక్కనుంచి పొమ్మనేది. రీలు మీద దారం ముదురుగా కనిపిస్తుంది, విప్పితే తేలిపోతుంది. అందుకని ఒంటి పోగు లాగి, గుడ్డ మీద అడ్డంగా పరిచి, ఎండలో ఒక కన్ను మూసి చూసేది. అనుమానం ఉంటే ఆ పోగుని పళ్ళ మధ్య పట్టుకుని ఆలోచిస్తూ అలాగే నిలబడేది. నప్పలేదంటే పుటుక్కున కొరికి ఊసేసేది. నప్పిందంటే కొరికి, ఆ తడి కొసతోనే గుడ్డ మూలకి కట్టేసేది. "దీనికిదే," అనేది. మంగ కట్టాక ఇంక ఆ గుడ్డ మిషనెక్కాల్సిందే.

ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో నూకరత్నం, మంగ తోడికోడళ్ళు. ఇంటి ముందుగదే వాళ్ళ కుట్టుకొట్టు. ఆప్లిక్ పనికి పేరు. ఒక గుడ్డలోంచి చిలకనో చేపనో కత్తిరించి, ఇంకో గుడ్డ మీద పరిచి, అంచు చుట్టూ మిషన్ మీద దట్టంగా జిగ్‌జాగ్ కుట్టాలి. కుట్టేది నూకరత్నం. దారం ఎంచేది మంగ. "కుట్టు ఉండాల, దారం కనపడకూడదు," అనేది. ఇద్దరు తోడికోడళ్ళు దెబ్బలాడుకోకుండా ఒకే గదిలో ఉండడం మా వీధికి చాలాకాలం మింగుడు పడలేదు. ఇవాళ కాకపోతే రేపైనా జుట్లు పట్టుకుంటారని అరుగుల మీద ఎదురుచూసిన వాళ్ళకి నడుంనొప్పులు మిగిలాయి.

మొన్నటి వానల్లో మంగకి జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తిరిగి తీసుకొచ్చారు. అంతే.

ఐదేళ్ళ గంగాభవాని మిగిలింది. మంగ మొగుడు గోపీకృష్ణ విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ ఫోన్లో బాగా ఏడుస్తాడు. ఇంటికి రావాలంటే మాత్రం అతనికి బస్సు దొరకదు. నూకరత్నం మొగుడు లారీ మీద ఏ ఊళ్ళో ఉంటాడో లారీకే తెలియాలి. ఆమెకి పిల్లలు లేరు. ఆస్పత్రి మంచం మీద మంగ ఆఖరుసారి పిల్ల గురించి అడిగింది ఒక్కటే. "అక్కా, గుంటకి జడేసేవా?"

ఆనాటి నుంచి గంగకి అన్నం పెట్టేదీ, జడ వేసేదీ, పక్కలో పడుకోబెట్టుకునేదీ నూకరత్నమే. అంత దుఃఖంలోనూ పిల్ల "పెద్దమ్మా" అని పిలిచినప్పుడల్లా ఆమె లోపల ఏదో దీపం వెలిగినట్టుండేది. ఆ వెలుగుకి తనే సిగ్గుపడేది. చెల్లెలిలాంటి మనిషి చచ్చిపోతే దొరికిన వెలుగు కదా అది.

పెద్దకర్మ అయ్యాక పోయినవాళ్ళ వాడుక సామాను ఇంట్లో ఉంచరు. అత్తగారు అప్పలకొండమ్మ మంగ చీరలూ దువ్వెనా చెప్పులూ మూటగట్టించి ఏట్లో వేయించింది. మంగ కూర్చునే పీటా, దారాల డబ్బా కూడా వేసెయ్యమంది. నూకరత్నం వాటిని మిషన్ వెనక దాచింది.

"దారాలు కొట్టువి కదత్తా."

"దారాలు కొట్టువే. పీట ఎవలిదే?"

నూకరత్నం మిషన్ చక్రం తిప్పింది.

అప్పుడే టీచరు వరహాలక్ష్మి గారు కొత్తింటికి చిలకల పరదాలు ఆర్డరిచ్చారు. ఆవిడ గృహప్రవేశానికి పిలుస్తూ ఇంటి గురించి ఒక మాటా, పరదాల గురించి పది మాటలూ చెప్పేవారు. నూకరత్నం కొండబాబు ఇచ్చిన రీలుతో ఒక పరదా కుట్టి చూపించింది. వరహాలక్ష్మి గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"నూకరత్నం, ఇవి చిలకలా? చిలకలకి బిగించిన తీగెలా?"

నిజమే. ఎక్కడ చూసినా దారమే కనిపిస్తోంది. ఆవిడ పరదా మడిచి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం వాన ముసురుకుంది. పట్టపగలే గది చీకటయింది. కరెంటు పోయింది. నూకరత్నం కుట్లు విప్పుకుంటూ కూర్చుంది. చూరు నీళ్ళు రేకు మీద పడే చప్పుడు, మిషన్ నూనె వాసన, తడిసిన గోడ వాసన. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. మిషన్ వెనకనుంచి పీట లాగింది. దాని మీద పచ్చగుడ్డ పరిచింది.

"మంగా, నువ్వుంటే సెప్పుదువు కదే..."

లోపల గంగ నీళ్ళడిగింది. ఇచ్చి వచ్చేసరికి గదిలో వాసన మారింది. కొబ్బరినూనె. మంగ తలకి రాసుకునేది. దారాల డబ్బా మూత తీసి ఉంది. గుడ్డ మూలకి ఒక పోగు కట్టి ఉంది.

నూకరత్నం గుడ్డని గుమ్మంలోకి తెచ్చి చూసింది. పోగు గుడ్డలో కలిసిపోయింది. వేలితో తడిమితేనే ఉందని తెలుస్తోంది. కొస... తడిగా ఉంది.

భయం వేయాలి. వేసింది కూడా. కానీ దానికంటే ముందు, "వచ్చేవా?" అనుకుంది.

అది అలవాటయింది. పొద్దున్న గుడ్డ పీట మీద పెట్టి లోపలికి వెళ్ళడం, వచ్చేసరికి పోగు కట్టి ఉండడం. వరహాలక్ష్మి గారు కొత్త పరదాలు చూసి, "కుట్టావా, అంటించావా?" అన్నారు. కొండబాబు ఆ దారం తనే ఎంచి ఇచ్చానని బజారంతా చెప్పుకున్నాడు. ఒకసారి పిల్లల దుప్పటి మీద చేపకి మంగ కట్టిన పోగుని నూకరత్నం విప్పేసి, తనకి నచ్చిన దారం ఎక్కించింది. కుట్టు మొదలుపెట్టిన ప్రతిసారీ తెగింది. సూది మార్చినా తెగింది. తెగిన ప్రతి కొసా తడిగానే ఉంది. మళ్ళీ అలాంటి పని చెయ్యలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. గుడ్డ పెడుతూ, "గంగకి పన్ను ఊడిందే మంగా," "గంగ అక్షరాలు రాస్తందే," అని కబుర్లు కూడా చెప్పేది.

ఆ కబుర్లే చెప్పకుండా ఉండాల్సింది.

ఒక పొద్దున్న గంగని కింది మెట్టు మీద కూర్చోబెట్టి, తను గడప మీద కూర్చుని జడ వేస్తోంది. రిబ్బను అందుకోబోతే పిల్ల చిటికెన వేలు చేతికి తగిలింది. వేలి చుట్టూ ఏదో ముడి. వేలు ఎత్తి ఎండలో చూసింది. ఏమీ కనిపించలేదు. మళ్ళీ తడిమింది. ఉంది.

"ఏటే ఇది?"

"దారం."

"ఎవలు కట్టేరు?"

"అమ్మ."

నూకరత్నం చేతిలోంచి జడపాయలు జారిపోయాయి.

"ఎప్పుడే?"

"నిన్న. నువ్వు గిన్నెలు తోముతుంటే. నన్ను వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టినాది. ఇలా సూసినాది." గంగ ఒక కన్ను మూసి చూపించింది. అచ్చం తల్లే.

"ఏటన్నాది?"

"ముందు ఏటీ అన్లేదు. నోట్లో దారం ఉంది కదా. కట్టేక అన్నాది."

ఏమందో నూకరత్నం అడగలేదు. పిల్ల అడక్కుండానే చెప్పింది. "దీనికిదే అని."

కత్తెర తెచ్చి పోగు తెంపింది. మధ్యాహ్నానికి గంగ ఒళ్ళు కాలిపోయింది. తల్లికి వచ్చినట్టే, ముందు చలి, తరవాత మంట. ఆర్ఎంపీ వచ్చి మందిచ్చి, సాయంత్రానికి తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాడు. తడిగుడ్డ నుదుటి మీద వేసి నూకరత్నం పిల్ల చెయ్యి పట్టుకుంది. వేలికి ముడి ఉంది. మళ్ళీ తెంపింది. గుడ్డ తడిపి తెచ్చేలోగా మళ్ళీ ఉంది.

అప్పలకొండమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆవిడ నోరు విప్పితే వీధిలో కోళ్ళు కూడా తప్పుకుని నడుస్తాయి. అలాంటి మనిషి తిట్టలేదు. దానికే నూకరత్నానికి ఎక్కువ భయం వేసింది.

"పీట ఉంది కదా?" మెల్లగా అడిగింది.

"ఉంది."

"పిలిసి పని సేయించుకున్నావు. వచ్చినామె పిల్లని సూసుకోకండా ఎల్తాదేటి? దాని పిల్లే కదే."

ఆవిడ గంగ పక్కన కూర్చుని విసనకర్ర తీసుకుంది. నూకరత్నం ముందుగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసింది.

బయట మబ్బు దిగి వాన పట్టుకుంది. గదిలో మసక. పీట ముందు నేల మీద కూలబడింది. ఈసారి గుడ్డ లేదు. గుడ్డ పెట్టే చోట తన చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"మంగా..."

చూరు నీళ్ళ చప్పుడు.

"దాని తల్లివి నువ్వే. నాను కాదు. నాకు తెలుసే..."

చప్పుడు ఆగింది. వాన ఆగలేదు. చప్పుడే ఆగింది.

"జడేసేవా అని నువ్వే అడిగేవు. ఏస్తన్నాను. దాని జడ ఇంకా మెడ కాడికే వచ్చినాది. ఇంకా చాలా ఎయ్యాల..."

డబ్బా మూత కదిలింది.

"ఒక్కదానివీ ఉండలేకపోతే... నన్ను సూడు. నా మీద పోగు ఏసి సూడు."

రీళ్ళు ఒకదానికొకటి తగిలాయి. ఒకటి కిందపడి దొర్లుకుంటూ వచ్చింది. ఆమె మోకాలి దగ్గర ఆగింది. కొబ్బరినూనె వాసన... దగ్గరగా. ఇంకా దగ్గరగా. చెవి పక్కన ఊపిరి. పళ్ళు బిగించి పీల్చే ఊపిరి. ఏదో సన్నగా, చల్లగా, చేతి మీద అడ్డంగా పరుచుకుంది.

చాలాసేపు అలాగే ఉంది.

"మంగా... కళ్ళు తెరవనా?"

చూరు నీళ్ళు మళ్ళీ వినిపించాయి. కళ్ళు తెరిచింది. చేతి మీద ఏమీ కనిపించలేదు. లోపలినుంచి గంగ పిలుస్తోంది. "పెద్దమ్మా, ఆకలేస్తంది."

గంగ నుదురు చల్లగా ఉంది. చెమట పట్టింది. నూకరత్నం పిల్లని గుండెకి అదుముకుంది. వేలు తడిమి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

మర్నాడు అత్తాకోడళ్ళు ఆటోలో పీటా డబ్బా తీసుకుని వరాహ నదికి వెళ్ళారు. పీటని ఎక్కడ దింపాలని ఆటోవాడు హాస్యమాడితే అప్పలకొండమ్మ ఒక్క చూపు చూసింది. ఆ తరవాత అతను హారన్ కూడా కొట్టలేదు. పీట నీళ్ళలో ఒకసారి తిరిగి, దారి దొరికినట్టు సాగిపోయింది. మంగ పోయినప్పుడు కూడా ఏడవని అప్పలకొండమ్మ అప్పుడు ఏడ్చింది.

"మోకాళ్ళ నొప్పులు దానికి. కింద కూకోలేదది. పీటైనా ఉంటాది..."

ఇంటికొచ్చేసరికి మబ్బు విడిచి ఎండ కాసింది. గంగ దువ్వెన పట్టుకుని మెట్టు మీద ఎదురుచూస్తోంది. నూకరత్నం గడప మీద కూర్చుని పాయలు తీసింది. అల్లుతుంటే, బొటనవేలు తన చిటికెన వేలికి తగిలింది.

ముడి.

కత్తెర గుమ్మం పక్కనే ఉంది. దాని వంక చూసింది. ముట్టుకోలేదు. తను ఒప్పుకున్నదే కదా. ముడి దగ్గర మొదలుపెట్టి పోగుని రెండు వేళ్ళతో పట్టుకుని తడుముకుంటూ వెళ్ళింది. కంటికి ఏమీ లేదు. వేళ్ళ కింద ఉంది. పోగు ఆమె ఒడి దాటింది. గంగ భుజం దాటి చేతి వెంట దిగింది. పిల్ల చిటికెన వేలి దగ్గర ముడిపడింది.

ఒకే పోగు. రెండు ముళ్ళు.

దీనికిదే.

నూకరత్నానికి ఏడుపు ఆగలేదు. పిల్లని తీసుకుపోవడానికి కట్టలేదు. తనకి అప్పజెప్పడానికి కట్టింది. తనే అనవసరంగా భయపడింది.

"ఏటి పెద్దమ్మా, ఏడుస్తన్నావు?"

"ఏటీ లేదే. కదలకు. జడ చెడిపోద్ది."

ఇంకొక్కసారి తడమాలనిపించింది. గంగ వేలి దగ్గరనుంచి మెల్లగా వెనక్కి వచ్చింది. భుజం దాటింది. అక్కడినుంచి తన ఒడికి రావాలి పోగు. రాలేదు. పైకి లేచింది. వాళ్ళిద్దరి మధ్య గాలిలో, ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు, బిగుతుగా నిలబడి ఉంది. ఇందాక ఇలా లేదు.

నూకరత్నం వేళ్ళు పోగు వెంట పైకి వెళ్ళాయి. తన ముఖానికి ఎదురుగా వచ్చి ఆగిపోయాయి.

అక్కడ పోగు తడిగా ఉంది, పళ్ళ మధ్య పట్టుకున్నట్టు.

గంగ ఏదో పాట పాడుకుంటూ కాళ్ళు ఊపుతోంది. ఎండ నిండుగా ఉంది. కొబ్బరినూనె వాసన వస్తోంది. పిల్ల తలకి ఇంకా నూనె రాయలేదు.

పోగు ఇంకా తెగలేదు.