గోడలోని ఆడగొంతు

ఆ వీధి చివరి గోడ మంచిది కాదనేవారు. ఒకప్పుడు వీధి తిన్నగా పొలాల్లోకి పోయేదట. ఎవరో ఆ పొలాలు కొని అడ్డంగా గోడ లేపేశారు. అవతల ఏముందో ఇటువాళ్లెవరూ చూడలేదు. కానీ చీకటి పడితే చాలు... గోడలోంచి ఒక ఆడగొంతు.

"ఒక్కళ్లూ రారే... ఒక్కళ్లూ..."

కట్టేటప్పుడే ఎవర్నో లోపల పెట్టి పూడ్చేశారని ఇస్త్రీ బండాయన చెప్పేవాడు. దగ్గరుండి చూసినట్టే చెప్పేవాడు.

కుట్టుపని చేసుకునే ఆవిడ ఇలాంటివి నమ్మదు. అంటే, పగలు నమ్మదు.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. గాలి రేగి, దండెం మీదున్న ఎవరిదో కొత్త చొక్కాని ఎత్తుకుపోయి... సరిగ్గా ఆ గోడ మీదే పడేసింది. తెల్లారితే ఇవ్వాల్సిన చొక్కా! చేసేదేముంది? కుర్చీ తెచ్చి గోడకి వేసి ఎక్కింది. చెయ్యి చాచింది...

చొక్కా అవతలికి జారింది.

జారలేదు — ఎవరో లాగారు!

అయినా చొక్కా చెయ్యి ఒకటి దొరికితే పట్టుకుని గట్టిగా గుంజింది. అటూ గుంజారు.

"వదులు..." అంది వణుకుతూ.

"నువ్వే వదులు..." అంది గోడ, ఇంకా వణుకుతూ.

చిన్నప్పుడు ఒకే దుప్పటి కోసం రాత్రంతా తనతో పోట్లాడిన గొంతు అది.

"అక్కా?"

"అయ్యో చెల్లీ! ఎప్పుడు పోయావే? నాకెవరూ చెప్పలేదే!"

"నేనెందుకు పోతాను? ఇది మా వీధి!"

"ఇది మా పెరడు!"

అక్క ఆ పొలాల్లో లేచిన కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కుని ఏడాది దాటింది. అక్కడికి పోవాలంటే రెండు బస్సులు మారి, ఊరంతా చుట్టి, అటువైపు పెద్ద రోడ్డు మీంచి రావాలి. చెల్లెలు ఒక్కసారి వెళ్లి మళ్లీ వెళ్లలేదు. అక్క అలిగి మాటలు మానేసింది. చీకటి పడ్డాక పెరట్లో కూర్చుని తనలో తనే గొణుక్కునేది.

"మావైపూ ఈ గోడంటే హడలే. లోపల ఏదో టకటకా పళ్లు కొరుకుతుందట!" అంది అక్క.

"నా కుట్టు మిషనే అది!"

ఇద్దరూ గోడకి చెరోవైపు నిలబడి నవ్వారు, ఏడ్చారు. చొక్కా మాత్రం చిరిగింది.

పొద్దున్నే ఆవిడ వీధంతా తిరిగి చెప్పింది. ఎవరు నమ్ముతారు? "ఆ కాలనీకి బస్సులో గంటన్నర పడుతుంది. గోడవతల ఎలా ఉంటుందమ్మా?"

ఇప్పుడు చీకటి పడగానే ఆవిడ కుర్చీ తీసుకుని గోడ దగ్గరికి బయల్దేరితే, తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. లోపల గుసగుసలు —

"పాపం... మంచి మనిషి. గోడలోది పట్టేసింది!"