పిలవని బంతి

లచ్చయ్య టీ సాసరులో పోసుకుని ఊదుకుంటుండగా కొడుకు నరేందర్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“తార్నాక హాలు ఇగ పెండ్లిళ్లకు ఇయ్య బాపూ. ఇయ్యాల్టి నుంచి అండ్ల యూనివర్సిటీ క్యాంపస్ పిల్లలకు ఫ్రీగ అన్నం పెడుతున్న.”

లచ్చయ్యకు నగరంలో నాలుగు ఫంక్షన్ హాళ్లు, ఒక్కడే కొడుకు. తార్నాకది ఆయన మొదట కట్టింది.

“మాఘమాసం నిండ బుకింగులున్నయి. ఎవల్నడిగి మూసినవ్?”

“నా పేరు మీద రాసింది నువ్వే గద.”

“నడిపియ్యమని రాసిన. పంచిపెట్టమని గాదు.”

“వాపసు అడిగినా సంతకం పెట్ట. బుకింగులైనోళ్లకు వేరే హాలు ఇయ్యి.”

“ముందు ఇంత ఉప్మా తినుండ్రి. కడుపుల వడ్డంక కొట్లాడుకోండ్రి,” అంది తల్లి రాములవ్వ వంటింట్లోంచి. ఇద్దరూ తినలేదు.

మధ్యాహ్నం లచ్చయ్య తాళాలు గుంజుకుందామనే హాలుకు వెళ్లాడు. గేటు దగ్గర టేబుల్ వేసుకుని, రిజిస్టరు ముందు పెట్టుకుని నరేందర్ కూర్చున్నాడు. అతని ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది.

“ఇన్‌కం సర్టిఫికెట్ ఏది చెల్లె?”

“ఊర్ల ఉన్నదన్నా.”

“రేపు తీస్కరా. లేనోళ్లకే అందాలె గద.”

“బీదదాన్నని కాగితం చూపెట్టి తినేటంత ఆకలి లేదన్నా,” అని ఆమె వెనుదిరిగింది. ఆమె చెప్పు పట్టీకి పిన్నీసు ఉంది. లచ్చయ్య దాన్నే చూశాడు.

“ఇరవై ఏండ్లు ఇదే గేటు కాడ కూసున్న కొడుకా. ఈ క్యాంపస్ పోరగాండ్లు పిలువని పెండ్లిళ్లకు వస్తుండె. పెండ్లికొడుకు దిక్కోళ్లమందురు, వాని పేరు తెల్వదు. చెప్పులు చూస్తె నాకు ఎరుకైతుండె. ఒక్కన్ని బంతిల నుంచి లేపలే.”

“అది పెండ్లోళ్ల సొమ్ము. నీదేం పోయింది?”

“ప్రతి పెండ్లికి ఒక గంజు బగారన్నం నా పైసలతోటి ఎక్కువ వండిస్తుంటి. మీ అమ్మకు గూడ చెప్పలే. పెట్టుడు నువ్వొక్కనివే నేర్చినవనుకున్నవా?”

నరేందర్ రిజిస్టరు మూసి, ఉరికినట్టే రోడ్డు మీదికి పోయాడు.

“ఆగు చెల్లె. తప్పు నాదే.”

“కాగితం లేదని చెప్పిన గద.”

“అడగ. మా బాపు రమ్మంటుండు.”

ఆమె వచ్చింది, తల దించకుండానే. “రేపు అడిగితె మళ్ల పోత.”

“అడిగితె వీన్నే బయటికి పంపుత బిడ్డా,” అంటూ లచ్చయ్య టేబుల్ తీసి గోడవారకు నెట్టాడు. “బుకింగులోళ్లతోటి నేను మాట్లాడుకుంట తీయ్,” అని కొడుకుతో అని, వెళ్లి ఆ అమ్మాయి పక్కన బంతిలో కూర్చున్నాడు.

పప్పు వడ్డిస్తూ నరేందర్ చొక్కా చేతికి కళ్లు తుడుచుకున్నాడు.

“కండ్లు తుడుసుకునుడు తర్వాత,” అన్నాడు లచ్చయ్య విస్తరి వైపే చూస్తూ. “ఆ బిడ్డకు ఇంకింత నెయ్యి ఎయ్యి.”