నూనె అని చెప్పిన మందు

ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తుతున్న అనిల్ ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. మాదాపూర్ జిమ్‌లో మ్యూజిక్ ఆపేలోపే ప్రాణం పోయింది. సైన్యానికి రాడార్ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో ఇంజినీరు. సిగరెట్ కూడా ముట్టని మనిషి.

"ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ," అంది రజిత, పోస్ట్‌మార్టమ్ ఫోటోలు టేబుల్ మీద పడేస్తూ. "ఒంట్లో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. రక్తం చిక్కబడిపోయింది."

నిఘా సంస్థ హైదరాబాద్ యూనిట్‌కి ఆమె చీఫ్. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ మహేందర్ ఫోటోలు దగ్గరికి లాక్కున్నాడు.

"మర్డరా మేడమ్?"

"మర్డర్ కాదు, బిజినెస్. హైటెక్ సిటీలో ప్రైమ్‌మ్యాన్ అని ఒక క్లినిక్ ఉంది. డిఫెన్స్ ప్రాజెక్టుల్లో ఉన్న ఇంజినీర్లను ఏరి మరీ పట్టుకుంటారు. అలసటా? నిద్ర పట్టట్లేదా? నీలో హార్మోన్ తక్కువైందంటారు. రిపోర్టులన్నీ ఫేక్. లోపం లేనివాడికి బయటినుంచి ఎక్కిస్తే ఒళ్లు సొంత తయారీ ఆపేస్తుంది. అప్పుడు ఇంజెక్షన్ బంద్ చేస్తారు. మనిషి పీల్చి పారేసినట్టు అయిపోతాడు. మీ కోడ్ తెచ్చివ్వు, డోస్ ఇస్తామంటారు. నడిపేది విదేశీ ముఠా. డైరెక్టర్ మార్కస్."

"నేను పేషెంట్ లెక్క పోవాలె. అంటే ఇంజెక్షన్ గూడ..." మహేందర్ ఆగాడు. "నా భార్య మమత, నేను ఇప్పుడిప్పుడే పిల్లల కోసం చూస్తున్నం మేడమ్. పోస్టింగుల వల్ల ఇన్నేండ్లు వాయిదా ఏసినం."

"ఫికర్ చేయకు. అక్కడి డాక్టర్ జ్యోత్స్న మన మనిషి. నీకు ఉత్త నూనె ఎక్కిస్తుంది. రిపోర్టులు తనే చూసుకుంటుంది. నువ్వు చెప్పాల్సిన గుర్తు మాట: ఈ ఏసీ నాకు పడదు. జవాబు: అలవాటవుతుంది."

మర్నాటికి మహేందర్ శ్రీకర్ అయ్యాడు. ఖరీదైన కళ్లద్దాలు, మెడలో రాడార్ కంపెనీ ట్యాగ్, చొక్కా గుండీలో కెమెరా, మైక్.

క్లినిక్‌లో జ్యోత్స్న నల్ల పట్టు చీరలో వచ్చింది. వెయిటింగ్ హాల్లో ఫోన్లు చూసుకుంటున్న మగవాళ్లంతా తలెత్తారు. మార్కస్ ఆమెను తన మనిషే అనుకుంటున్నాడు. అలా అనుకునేలా ఉండటమే ఆమె ఉద్యోగం.

"ఈ ఏసీ నాకు పడదు," అన్నాడు మహేందర్, ఆమె గదిలో కూర్చుంటూ.

"అలవాటవుతుంది." సిరంజిలోకి పసుపుపచ్చటి ద్రవం లాగింది. "నూనే. రిలాక్స్."

వారానికో ఇంజెక్షన్‌తో నెలలు గడిచాయి. మహేందర్ చొక్కాలు భుజాల దగ్గర బిగుతయ్యాయి. వీపంతా మొటిమలు లేచాయి. నల్లగండ్ల సిగ్నల్ దగ్గర అడ్డొచ్చిన ఆటోడ్రైవర్ కాలర్ పట్టుకున్నాడు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని పింగాణీ కంచం విసిరికొట్టాడు.

మమత ముక్కలు ఏరుతూ అడిగింది. "ఏమైంది నీకు? మొకం ఎర్రగ అయితంది. గురకకు నాకు నిద్ర లేదు. ఒక్కసారి దవాఖానల చూపించుకో."

"పని టెన్షన్. నన్ను పరేషాన్ చెయ్యకు."

వేషం ఒంటికి పట్టిందనుకున్నాడు. అంతకుమించి ఆలోచించలేదు. తను తీసుకునేది నూనె కదా.

చివరికి జ్యోత్స్న కబురు పంపింది. ఆ రోజు మధ్యాహ్నం దినేశ్ రాడార్ కోడ్ తెస్తున్నాడు. చందానగర్ నుంచి వచ్చే ఆ కుర్రాడితో మహేందర్‌కి వెయిటింగ్ హాల్లో పరిచయం. దినేశ్‌కి డోస్ ఆపి చాలా రోజులైంది. మనిషి సగమయ్యాడు.

"నిద్ర లేదన్నా. దేని మీద మనసు పోతలేదు. ఊకె ఏడుపొస్తంది," అన్నాడు దినేశ్, జేబులో పెన్‌డ్రైవ్ తడుముకుంటూ. "ఇయ్యాల ఇంజెక్షన్ ఇస్తరంట."

మార్కస్ గదిలోకి పిలుపొచ్చింది. దినేశ్ లోపలికి వెళ్లాడు. గుండీ మైక్‌లో మహేందర్ "మాల్ వచ్చింది" అన్నాడు. కింద టీమ్ లిఫ్ట్ ఎక్కింది. కానీ మార్కస్ పెన్‌డ్రైవ్ అందుకున్న చేత్తోనే ల్యాప్‌టాప్‌కి పెట్టేశాడు. అద్దం తలుపులోంచి మహేందర్‌కి స్క్రీన్ కనబడింది. కోడ్ సముద్రాలు దాటిపోతోంది. అప్‌లోడ్ నీలం గీత నిండుతోంది.

భుజంతో తలుపు బద్దలు కొట్టాడు. మార్కస్ డ్రాయర్‌లోంచి పిస్టల్ తీశాడు. మహేందర్ ల్యాప్‌టాప్‌ను ఎత్తి నేలకేసి కొట్టాడు. గీత ఇంకొంచెం నిండితే అయిపోయేది. అదే ఊపులో మార్కస్ మణికట్టు విరిచాడు. పిస్టల్ సోఫా కిందికి జారింది.

పని అక్కడితో అయిపోయింది. మహేందర్ ఆగలేదు. కొట్టాడు. మార్కస్ చేతులు జోడించాడు. అయినా కొట్టాడు. దవడ పటుక్కుమంది. ఆ చప్పుడు అతనికి ఎక్కడో హాయిగా అనిపించింది.

"ఆపండి! చచ్చిపోతాడు!" జ్యోత్స్న అతని నడుం పట్టి వెనక్కి లాగింది. "ఆ కోపం మీది కాదు మహేందర్. మందుది."

చేయి గాల్లోనే ఆగింది. "ఏం మందు?"

ఆమె లిప్‌స్టిక్ చెదిరిపోయింది. "మొదటి రోజునుంచీ మీకిచ్చింది నూనె కాదు. మార్కస్ మీ రక్తం బయటి ల్యాబ్‌లో కూడా చూపించేవాడు. ఉత్త నూనె అయితే అప్పుడే దొరికిపోయేవారు. రజిత గారి ఆర్డర్."

పక్కన దినేశ్ గోడకి జారగిలబడి ఏడుస్తున్నాడు. టీమ్ లోపలికొచ్చి చప్పట్లు కొట్టింది.

తర్వాతి వారం ఒక హార్మోన్ల డాక్టర్ మహేందర్ రిపోర్టులు చూసి కళ్లజోడు తీశాడు.

"నిజంగా లోపం ఉన్నవాళ్లకి ఇది మంచి మందే. రక్తపరీక్షలు చేస్తూ జాగ్రత్తగా ఇస్తాం. పిల్లలు కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇవ్వం. మీ రక్తం చిక్కబడింది, అది దిగుతుంది. వీర్యకణాలు మాత్రం ఒక్కటీ లేవు."

మమత కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "మల్ల వస్తయా సార్?"

"చాలామందికి వస్తాయమ్మా. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. మాటైతే ఇవ్వలేను."

ఆ ఆదివారం రజిత నల్లగండ్ల ఫ్లాట్‌కి వచ్చింది. మార్కస్ కట్లు కట్టిన దవడతో మాట్లాడలేకపోతున్నాడట. ముఠా పెద్దలు దేశం దాటేశారట. దినేశ్ జైల్లో ఉన్నాడట, అక్కడ డాక్టర్ చూస్తున్నాడట.

"నాకెందుకు చెప్పలేదు మేడమ్?" అన్నాడు మహేందర్.

"చెప్తే ఒప్పుకునేవాడివా?"

"అడిగితే గదా తెలిసేది."

రజిత బ్యాగులోంచి ప్రశంసాపత్రం తీసి టీపాయ్ మీద పెట్టింది. బంగారు అక్షరాలు. విధి నిర్వహణలో అసమాన పౌరుషం ప్రదర్శించినందుకు.

మమత టీ కప్పులు దించి, కాగితం చేతిలోకి తీసుకుని కూడబలుక్కుని చదివింది.

"పౌరుషమని మంచిగ రాసిన్రు మేడమ్," అంది. "కింద సర్కారు ముద్ర గూడ ఉన్నది. ల్యాబోళ్లకు చూపిస్తే రిపోర్టు మారుస్తరేమో."