ముందు కుర్చీ, తర్వాత మనిషి

ఆదివారం. ఆఫీసులకి సెలవు కాబట్టి ఆవిడ పంపే భోజనం క్యారియర్లకీ సెలవే. అయినా ఏడు కాకముందే వంటింటి గట్టు కడిగి, ముప్ఫై క్యారియర్లూ తోమి బోర్లించి, మంచాల కింద దాకా ఊడ్చి, కూతుర్ని మూడుసార్లు నిద్ర లేపింది. తన కాఫీ మాత్రం గట్టు మీద చల్లారిపోయింది. దాన్ని వేడి చేసుకుని మళ్ళీ మర్చిపోయింది.

పెళ్ళైన కొత్తలోనే ఆవిడకి మొగుడు బొంగరం అని పేరు పెట్టాడు. ఆయనకేమో వీధివాళ్ళు పేరు పెట్టారు, కుర్చీల మాస్టారు అని. ముప్ఫై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు చెప్పి ఈ మధ్యే రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన గీసేవన్నీ కుర్చీలే. కిటికీ పక్క కుర్చీ, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ, వరండాలో కుర్చీ. అన్నీ ఖాళీవే. వెనక గదిలో వాటి కట్టలు నడుమెత్తు దాకా పేరుకున్నాయి.

వచ్చే నెల నుంచి ఇంకో ముప్ఫై క్యారియర్లు ఒప్పుకుంది ఆవిడ. అవి సర్దుకోవడానికి ఆ గది కావాలి. అందుకని పాత కాగితాల అతన్ని పదకొండింటికి రమ్మంది. ఆ మాట మొగుడికి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం గది కాదు, కోపం.

నిన్న సాయంత్రం ఎదురింటి లాయరమ్మ వచ్చింది, వాళ్ళమ్మగారి బొమ్మ పట్టుకెళ్ళడానికి. మాస్టారు వేసిన ఆ బొమ్మలో ముసలావిడ నోరు తెరిచి పలకరిస్తుందేమో అన్నట్టుంది. లాయరమ్మ మురిసిపోయి, "పిన్నిగారూ, మీ బొమ్మ ఏదీ? ఇంకెంత బాగా వేసుంటారో, చూపించరూ!" అంది. ఆవిడ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. "పాలు పొయ్యి మీద పెట్టొచ్చాను" అని వంటింట్లోకి పారిపోయింది. పొయ్యి మీద ఏ పాలూ లేవు.

"ఏమోయ్, కాసేపు వచ్చి కూర్చోరాదూ?" వరండాలోంచి మాస్టారు పిలిచాడు. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం. ఎదురుగా ఖాళీ కుర్చీ.

"ఆ, కూర్చుంటా. నేను కూర్చుంటే ఇంట్లో పనులు వాటంతటవే లేచి నడుస్తాయి మరి!" అంటూనే వెనక గదిలోకి వెళ్ళి ఒక కట్ట ఎత్తుకొచ్చి గుమ్మంలో దభీమని పడేసింది. వెనకే ఇంకోటి.

మాస్టారు అట్ట పక్కన పెట్టాడు. "అవి ఎక్కడికి?"

"పాత కాగితాల అతను వస్తున్నాడు."

"నన్నడగలేదే?"

"అడిగితే ఇస్తారా?"

కూతురు పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, నోట్లో బ్రష్షు అలాగే పెట్టుకుని నిలబడిపోయింది.

"ఇరవై నాలుగేళ్ళు చూశాను" అంది ఆవిడ. గొంతు ఎక్కడ మొదలైందో ఎక్కడికి పోతోందో తనకే తెలియడం లేదు. "హెడ్మాస్టరు బొమ్మ వేశారు. పోస్టుమాన్ బొమ్మ వేశారు. లాయరమ్మ తల్లి బొమ్మ వేశారు. ఆఖరికి వాచ్‌మన్ పిల్లికి కూడా బొమ్మ వేసి, అద్దం కట్టించి ఇచ్చారు. కట్టుకున్న పెళ్ళాం బొమ్మ ఒక్కటుందా ఈ ఇంట్లో? కుర్చీ పాటి చెయ్యనా నేను? పిల్లి పాటి చెయ్యనా?"

మాస్టారు నెమ్మదిగా అన్నాడు. "ఆ పిల్లి కూర్చుందే."

కూతురికి నవ్వొచ్చి బ్రష్షు జారి కింద పడింది. ఆవిడకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. "అయితే ఆ పిల్లినే కట్టుకోవాల్సింది!" అని కట్టకున్న తాడు పట్టుకుని ఒక్క లాగు లాగింది. పాత తాడు పుటుక్కున తెగి, కాగితాలు వరండా అంతా పరుచుకున్నాయి. సగం బోర్లా పడ్డాయి.

కూతురు ఏరడానికి వంగింది. "అమ్మా, వీటి వెనక ఏదో రాసుంది."

"ఏముంటుంది, కుర్చీ కొలతలు!"

"కాదమ్మా. విను. 'పాలు పొంగాయి.'" ఇంకో కాగితం తిప్పింది. "'కుళాయి వచ్చింది.' ఇదిగో, 'పాప లేచి ఏడ్చింది.' పాప అంటే నేనేనా? 'గ్యాసు అతను.' 'ఎందుకో లేచిపోయింది, తెలీదు.' 'ఆరు నిమిషాలు కూర్చుంది. కాలింగ్ బెల్లు.' అన్నిటికీ తారీకులున్నాయి."

ఇంకో కాగితం తీసి కూతురు చదవలేకపోయింది. తల్లికే అందించింది. కిటికీ పక్క కుర్చీ, వీపు మీద శాలువా. వెనక రెండే వాక్యాలు. 'జ్వరంతో కూర్చుంది. గియ్యబుద్ధి కాలేదు.'

ఆ శాలువా ఆవిడదే. ఆ జ్వరమూ గుర్తుంది.

"నాకు బళ్ళో అలవాటు" అన్నాడు మాస్టారు, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా. "పిల్లలకి అదే చెప్పేవాణ్ణి. ముందు కుర్చీ గియ్యండి, తర్వాత మనిషి. కూర్చునే చోటు కుదిరితే మనిషి కుదురుతాడని. మిగతావాళ్ళంతా కూర్చునేవాళ్ళు. నేను కుర్చీ పూర్తిచేసి తలెత్తేసరికి నువ్వుండేదానివి కాదు."

"బొమ్మ వేస్తున్నానని ఒక్కసారి చెప్పొచ్చుగా!"

"పెళ్ళైన మొదటి నెలలో చెప్పాను. మొహం కడుక్కుని, చీర మార్చుకుని వస్తానన్నావు. సాయంత్రం దాకా చూశాను. పెరట్లో బట్టలారేస్తున్నావు. అప్పట్నించీ చెప్పడం మానేశాను."

ఆవిడ గుమ్మానికి చేరగిలబడింది. ఇన్నేళ్ళూ ఆయన "వచ్చి కూర్చో" అంటే కబుర్లకేమో అనుకుంది. పనీపాటా లేని మనిషి అని లోపల విసుక్కుంది కూడా.

"నాకు కూర్చోవడం రాదండీ" అంది. ఈసారి గొంతులో కోపం లేదు. "అమ్మ పోయాక మావయ్య ఇంట్లో పెరిగాను కదా. అత్త ఒక్క మాటా అనేది కాదు. నేనెక్కడైనా కూర్చుంటే నా వంక చూసేది, అంతే. ఆ చూపు పడగానే లేచి చీపురు పట్టుకునేదాన్ని. అత్త పోయి ఎన్నేళ్ళైందో. ఇప్పటికీ కూర్చుంటే ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. కాళ్ళు వాటంతటవే లేస్తాయి."

మాస్టారు పక్కన పెట్టిన అట్ట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"చూస్తున్నది నేనే" అన్నాడు.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అలాగే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకోబోయి, మొహం కడుక్కొస్తానన్న మాట నోటి దాకా వస్తే, దాన్ని మింగేసింది. గబగబా వెళ్ళి కుర్చీలో కూలబడింది.

"వెయ్యండి."

మాస్టారు పెన్సిలు తీశాడు. ఎప్పటిలా కాగితం అడుగున కుర్చీ కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టాడు. ఆగాడు. చెయ్యి పైకి జరిపి, నుదుటి దగ్గర మొదలుపెట్టాడు.

ఒక నిమిషం. రెండు. ఆవిడ చూపు వంటింటి వైపు పోతోంది. లోపల గట్టు మీద గిన్నెకి మూత పెట్టానా? ట్యాంకు మోటారు కట్టేశానా? వీధి తలుపు దగ్గర బెల్లు మోగింది. కాళ్ళు లేవబోయాయి. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని పట్టుకుంది. చెంపల మీదికి జారిన నీళ్ళు కూడా తుడుచుకోలేదు, కదిలితే బొమ్మ చెడుతుందేమోనని.

"కూర్చో అమ్మా, నేను చూస్తా" అంటూ కూతురు పరిగెత్తింది. వీధిలోంచి దాని మాట వినబడింది. "ఇవ్వడానికి పాత కాగితాలేం లేవండీ. మా అమ్మ పొరబడింది." తిరిగొచ్చి అడిగింది, "మరి కొత్త క్యారియర్లు ఎక్కడ పెడతావమ్మా?"

పెదాలు కదపకుండా ఆవిడ అంది, "నీ మంచం కింద."

ఇరవై నిమిషాలు. అంతసేపు ఆ మనిషి ఒకచోట ఉండగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మాస్టారు పెన్సిలు కింద పెట్టేసరికి ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

కూతురు కాగితం అందుకుని తల్లి ముందు పెట్టింది. అలసిన మొహం, రేగిన జుట్టు, కొంగు దోపిన నడుము, బిగించి పట్టుకున్న చేతులు. అవి పట్టుకున్నది ఏమిటో మాత్రం కాగితం మీద లేదు. ఆవిడ నడిగాలిలో దర్జాగా కూర్చుని ఉంది.

"నాన్నా, కుర్చీ ఏదీ?"

"కుర్చీకేముందే" అన్నాడు మాస్టారు, నేల మీద పరుచుకున్న కాగితాల వంక చూపించి. "ఇన్ని గీశాను."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ముందు మనిషిని గియ్యాలని తట్టడానికి ఇరవై నాలుగేళ్ళా? ఏం మాస్టారండీ మీరు!" అంది. కూతురు లోపలికెళ్ళి, పొద్దుట్నించీ చల్లారుతున్న కాఫీ పారబోసి, కొత్తగా కలిపి తెచ్చింది. ఆవిడ అందుకుని, కూర్చునే తాగింది.