హెల్త్ ముందా, కారు ముందా?

హాంకాక్ ఊళ్ళో కారు ఇన్సూరెన్స్ అంటే ఈరో, ఈరో అంటే కారు ఇన్సూరెన్స్. కనీసం ఈరో ఉద్దేశం అది. అలాంటి వాడు రోడ్డుకి అడ్డమొచ్చిన జింకను తప్పించబోయి మంచుగుట్టలోకి కారు దూర్చాడు. మెడకు పట్టీతో ఆస్పత్రి బిల్లుల కౌంటరు ముందు నిలబడ్డాడు. తల పక్కకు తిరగదు. ఎదురుగా ఉన్న అమ్మాయిని తప్ప ఇంకెవరినీ చూడలేడు. అందుకు జింకకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఆమె పేరు టామ్సిన్ అని చొక్కాకున్న బిళ్ళ చెబుతోంది.

"ముందు ఎవరు కడతారు? హెల్త్ వాళ్ళా, కారు వాళ్ళా?" అంది తలెత్తకుండా.

"హెల్త్. మన మిషిగన్‌లో పాలసీ తీసుకునేటప్పుడే ఆ గడిలో టిక్కు పెడతాం కదండీ. హెల్త్ ముందంటే కారు పాలసీ చవక. తెలివైన వాళ్ళంతా అదే పెడతారు," అన్నాడు ఈరో, పాఠం చెబుతున్నట్టు.

ఆమె రెండు ఫోన్లు చేసింది. రెండోది పెట్టేసరికి నవ్వు ఆపుకోలేకపోతోంది.

"మీ హెల్త్ వాళ్ళు కారు ప్రమాదాలకు ఒక్క సెంటు ఇవ్వరట. కారు వాళ్ళేమో, 'ఆయనే హెల్త్ ముందన్నాడు, వాళ్ళు తాము ఇవ్వబోమని కాగితం మీద రాసిస్తే గానీ మేం కదలం' అంటున్నారు. ఏ తలకాయ లేనోడండీ మీకీ టిక్కు పెట్టింది? మీ హెల్త్ ప్లాను ఒక్కసారన్నా చదివాడా ఆ ఏజెంటు?"

"చదవలేదండీ."

"మీకెలా తెలుసు?"

"ఆ ఏజెంటు నేనే."

టామ్సిన్ నవ్విన నవ్వుకి క్యూలో అందరూ ఇటు తిరిగారు. ఈరో మాత్రం మెడ తిప్పలేక అలాగే నిలబడ్డాడు.

ఆ కాగితం రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో అతను కౌంటరుకు తొమ్మిదిసార్లు వెళ్ళాడు.

"ఫోన్ చేస్తే చెప్తాను కదా," అంది టామ్సిన్.

"ఫోను మెడకు మంచిది కాదన్నారు డాక్టరు గారు."

"ఏ డాక్టరు గారు?"

"పేరు గుర్తులేదు."

పదోసారి ఆమె కాగితం చేతికిచ్చింది. "ఇదిగో, వచ్చేసింది. ఇక మీరు రానక్కర్లేదు." ఆ గొంతులో సంతోషం లేదనిపించి ఈరో పొంగిపోబోయాడు. ఇంతలో ఆమే అంది: "అన్నట్టు, మా నాన్న కూడా మీ దగ్గరే పాలసీ తీసుకున్నారట. జోరీ ట్రెవారో. కుర్రాడు డబ్బు బాగా మిగిల్చాడని ఒకటే పొగడ్త!"

ఈరోకి ఆ ఫారం గుర్తొచ్చింది. జోరీకి డెబ్భై రెండేళ్ళు. ఆయనది ప్రభుత్వం వారి వృద్ధుల ప్లాను, కారు ప్రమాదమైతే అది ముందుగా కట్టదు. అయినా ఆయన ఫారంలోనూ అదే గడి. ఆయనదొక్కటే కాదు, ఆయనతో కలిపి పదకొండుమంది ముసలివాళ్ళకు ఇలాగే టిక్కులు పెట్టుకుంటూ పోయాడు ఈ మేధావి.

రేపు ఆఫీసులో ఏదో సంతకమని చెప్పి గుట్టుగా సవరిస్తే ఎవరికీ తెలియదు. చెబితే ఈమె మళ్ళీ మొహం చూడదు. ఆమె కనిపించని రోజులు ఎలా ఉంటాయో తలుచుకుంటే నిజంగానే భయమేసింది. అంతగా ప్రేమించేశాడని అప్పుడే తెలిసింది.

"మీ నాన్నగారి ఫారం కూడా తప్పేనండీ," అన్నాడు.

టామ్సిన్ మొహంలో నవ్వు పోయింది. "ఈ మంచులో రోజూ వంతెన దాటి పేకాటకు వెళ్తారాయన. ఏమన్నా అయ్యుంటే?"

"రెండు కంపెనీల మధ్యా నలిగిపోయేవారు."

"శనివారం ఇంటికి రండి. ఆ మాట ఆయనకే చెప్పండి."

శనివారం జోరీ మాంసం, బంగాళదుంప కూరిన పేస్టీ తింటూ పదకొండు ఫారాల సంగతీ విన్నాడు.

"అంటే నేనొక గాడిదను నమ్మానన్నమాట."

"అవునండీ."

"గాడిదే వచ్చి ఒప్పుకుంది, నయమే. కూర్చో, పేస్టీ తిను. కెచప్పా, గ్రేవీనా?"

"గ్రేవీ," అన్నాడు ఈరో కంగారులో.

జోరీ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "పేస్టీ మీద గ్రేవీయా! పరీక్షకు అడిగాను, మా ఇంట్లో ఎప్పుడూ కెచప్పే. ఫారం సంగతి క్షమిస్తాను గానీ అబ్బాయ్, ఇది మాత్రం కష్టం." అంటూనే కొత్త ఫారం మీద సంతకం పెట్టాడు.

గుమ్మం బయటికొచ్చాక టామ్సిన్ అడిగింది: "మిగతా పదిమంది?"

"పొద్దున్నే నలుగురికి చెప్పొచ్చాను. ఒకాయన చీపురు తీశాడు. ఇంకా ఆరుగురున్నారు."

ఆమె చెయ్యి చాచింది. "కారు తాళాలివ్వు, నేను నడుపుతాను," అంది.

సాయంత్రానికి ఐదిళ్ళలో తిట్లు తిని, ఆఖరిగా ఐలీ అనే ముసలావిడ తలుపు తట్టారు. ఈరో తన వెధవపని అప్పజెప్పాడు. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"ఈ అమ్మాయెవరు?"

పొద్దున్నుంచీ గడగడా మాట్లాడిన ఈరో చేతిలో ఉన్న ఫారమే సంచిలో వెతకడం మొదలెట్టాడు.

"ఇతని కాబోయే భార్యనండీ," అంది టామ్సిన్. "ఇతనికింకా చెప్పలేదు."

ఐలీ కళ్ళజోడు పెట్టుకుని ఈరోని కిందినుంచి పైదాకా చూసింది. "ఇతన్ని ముందు కూర్చోబెట్టమ్మా, పడిపోయేలా ఉన్నాడు. కాఫీ పెడతాను," అంది.