అగ్గిపుల్ల కాలు సిపాయి

పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా నన్ను కనీసం నలభై మంది ఒకే ప్రశ్న అడిగారు.

"అన్నా, ఈ సిపాయి ఎంతకిస్తవ్?"

"అమ్మేటియి కావన్నా. సూసేటియి."

"ఉత్తగ సూసుడేంది? బొమ్మలే కదా!"

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో, పై అంతస్తులో, బొమ్మ సిపాయిల ప్రదర్శన పెట్టాం. మేమంటే సీసం సిపాయిలు, తగరం సిపాయిలు, చెక్క సిపాయిలు పోగేసే పదకొండు మంది పిచ్చోళ్లం. ముందు రోజు పెళ్లి మండపం ఇంకా విప్పలేదు. దాంతో వచ్చినవాళ్లలో సగం మంది భోజనాలెక్కడని అడిగారు, మిగతా సగం రేటు అడిగారు.

నా పేరు జవహర్. మిర్యాలగూడలో మా బాపు సురేందర్‌కు రైస్ మిల్లు ఉంది. "ఇరవై ఎనిమిదేండ్లొచ్చినయి, ఇంక బొమ్మలతోని ఆడుకుంటుండు" అని మా బాపు లారీ డ్రైవర్లకు కూడా చెప్పుకుంటాడు. ఈ ప్రదర్శనలో పాత బొమ్మను అందరికంటే బాగా బాగుచేసినవాళ్లకు ఒక కప్పు ఇస్తారు. ఆ కప్పు తీసుకెళ్లి మిల్లు ఆఫీసు టేబుల్ మీద పెట్టాలి, బాపు నోరు ఒక్కరోజైనా మూయించాలి. మూడు నెలలుగా నాకు ఇదే ధ్యాస.

అందుకోసం తెచ్చింది ఒక డ్రమ్ము సిపాయిని. వేలెడంత ఉంటాడు. మిర్యాలగూడలోనే ఫకీరా పాత సామాన్ల దుకాణంలో, ఒక రేకు డబ్బాలో, ఇంకో ఆరుగురు సిపాయిలతో కలిసి దొరికాడు. అప్పుడు వాడికి ఎడమ మోకాలి కింద కాలు లేదు. ఎవరో మహానుభావుడు అగ్గిపుల్ల పెట్టి అంటించాడు. చూస్తేనే నా ప్రాణం ఉసూరుమంది. ఆ పుల్ల పీకేసి, సీసంతో కొత్త కాలు పోసి, రంగులేసి, బూటుకు లేసులు కూడా గీశాను.

పదకొండున్నరకు ఒక అమ్మాయి వచ్చింది. బయట వాన ఎప్పుడు మొదలైందో తెలియదు, ఆమె జడ నుంచి నీళ్లు కారుతున్నాయి. రావడం రావడమే నా డ్రమ్ము సిపాయిని తలకాయ పట్టుకుని పైకెత్తింది.

"ఏమండీ! దిమ్మ పట్టుకొని లేపాలె, తల కాదు! రంగు పోతది!"

"మీ తలైతే పట్టుకోలేదు కదండీ."

"మూడు నెలలు కూసొని చేసిన్నండీ దాన్ని!"

"ఏం చేశారు?" బొమ్మను అటూ ఇటూ తిప్పింది. ముఖం మాడిపోయింది. "దీనికి రెండు కాళ్లున్నాయేంటి?"

"ఉండాల్సినయి రెండే కదా?"

"అదే నేనడిగేది! రెండెందుకున్నాయి?"

జీవితంలో నన్నెవరూ ఇంత అన్యాయమైన ప్రశ్న అడగలేదు.

ఆమె బొమ్మను తిరగేసి దిమ్మ అడుగున చూసింది. "హన్మా" అని చదివింది. ఏడుగురిలో ఆరుగురికి దిమ్మ అడుగున పిన్నుతో గీసిన పేర్లున్నాయి. ఒక్కడికి మాత్రం ఏమీ లేదు.

"మిగతావాళ్లేరి? ఉప్పలయ్య ఏడి? బూర ఊదే సిపాయి ఏడి?"

టేబుల్ కింది డబ్బా తీసి ఇచ్చాను. బూర సిపాయి అడుగున అరుంధతి అని ఉంటుంది. మిలిటరీలో ఈ అరుంధతి ఎవరబ్బా అని మూడు నెలలుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.

"అరుంధతి నేనే," అంది. "మాది కోదాడ. ఐదేళ్లప్పుడు నా పేరు కూడా రాయమని ఏడిస్తే మా తాత రాశాడు."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఆమె నిలబడే చెప్పింది. ఇంటికి సున్నాలేసేటప్పుడు వాళ్లమ్మ ఈ డబ్బాను పాత సామాన్లవాడికి ఇచ్చేసి ప్లాస్టిక్ టబ్బు తీసుకుందట. అప్పటి నుంచి, అంటే నాలుగు నెలలుగా, తాత కోడలితో మాట్లాడటం లేదు. ఆ టబ్బులో నీళ్లతో స్నానం కూడా చేయడు. అరుంధతి కోదాడలో దుకాణాలన్నీ తిరిగి, మిర్యాలగూడ ఫకీరాను పట్టుకుంటే, అతను నేనిక్కడున్నానని చెప్పాడు.

"సరే, తీసుకపోండి," అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో నాకే తెలుసు. "గని ఒక్క గంట ఆగుండ్రి. పన్నెండింటికి జగదీశ్ సార్ వచ్చి మార్కులేస్తడు."

"మరి కాలు?"

"కాలుకేమైంది? మంచిగ లేదా?"

"మంచిగుంది. అదే కదా తంటా!"

తాత సత్తయ్య మిలిటరీలో పనిచేశాడట. ఈ బొమ్మలకు తన దోస్తుల పేర్లు పెట్టుకున్నాడు. పెన్‌పహాడ్ నుంచి తనతో పాటు చేరిన హన్మా బ్యాండులో డ్రమ్ము కొట్టేవాడు. యుద్ధంలో ఎడమ కాలు పోయింది. దవాఖాన నుంచి కట్టెకాలుతో ఇంటికొచ్చిన రోజున తాత ఈ బొమ్మ కాలు విరిచి అగ్గిపుల్ల పెట్టి చూపించాడట. హన్మా కడుపు పట్టుకుని నవ్వాడట. పోయినేడు హన్మా పోయాడు. ఆ తర్వాత కూడా తాత రోజూ సాయంత్రం చాయ్ తాగుతూ ఏడుగురినీ కిటికీలో నిలబెట్టి హాజరు పిలిచేవాడు.

"రెండు కాళ్ల హన్మాను చూపిస్తే, వీడెవడని అడుగుతాడు," అంది. గొంతులో దబాయింపు పోయింది. "తాత కింద చాయ్ తాగుతున్నాడు. దొరుకుతాయో లేదోనని ఏమీ చెప్పకుండా తీసుకొచ్చాను. ఏ క్షణంలోనైనా పైకొస్తాడు."

గడియారం చూశాను. పావు తక్కువ పన్నెండు. నా కాలు చూశాను, అంటే సిపాయి కాలు. లేసులు తళతళలాడుతున్నాయి. నాకు ఆ అమ్మాయి మీద, ఫకీరా మీద, ఆ ప్లాస్టిక్ టబ్బు మీద ఒళ్లు మండిపోయింది.

"అగ్గిపెట్టె తెండి," అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఏంటీ?"

"అగ్గిపెట్టె! కింద నిన్నటి పెళ్లి వంటోళ్ల దగ్గర ఉంటది. ఉరుకుండ్రి!"

ఆమె పరుగెత్తింది. పట్కారుతో కాలు పట్టుకుని, కళ్లు మూసుకుని విరిచేశాను. మూడు నెలల కష్టం టక్కుమంది.

మొదటి పుల్ల విరిగింది. రెండోది ఫెవిక్విక్‌తో నా వేలికే అంటుకుంది. మూడోది నిలబడింది.

"పొడుగైంది," అంది అరుంధతి, నా భుజం మీంచి వంగి. "హన్మా తాత కొంచెం ఎడమకు ఒరిగి నడిచేవాడు."

"మీరు చేస్తరా?"

"చేయగలిగితే మీకెందుకిస్తానండీ? ఇంకొంచెం తగ్గించండి. అబ్బ, అంత కాదు!"

"మీ జడ నీళ్లు రంగు మీద పడుతున్నయి, జర జరుగుండ్రి!"

జరగలేదు. ముఖం మీద పడిన వెంట్రుకల్ని ఉఫ్‌మని ఊదుకుంటూ ఆ పుల్ల వైపే చూస్తోంది. ఈ పిల్ల నాకు నచ్చిందని అప్పుడే తెలిసింది. కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

సత్తయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. తెల్ల మీసం, మడత నలగని చొక్కా. టేబుల్ ముందు ఆగిపోయాడు. చాలాసేపు చూసి, డ్రమ్ము సిపాయిని పైకెత్తాడు. దిమ్మ పట్టుకునే ఎత్తాడు.

"ఏందిరా హన్మా," అన్నాడు, "కొత్త బట్టలు కుట్టిచ్చుకున్నవా? నాకు జెప్పనే లేదు."

ఏడుగురినీ వరసగా నిలబెట్టి, హాల్లో అంతమంది ఉన్నారని కూడా చూడకుండా హాజరు పిలిచాడు. ఒక్కో పేరుకు అరుంధతి ఒక్కో గొంతుతో "హాజర్" అంటూ పోయింది. హన్మా పేరు వచ్చేసరికి ఆమె జడ నీళ్లు పిండుకుంటూ అటు తిరిగింది.

"హాజర్ సార్!" అన్నాను నేను.

తాత నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

సరిగ్గా అప్పుడే జగదీశ్ సార్ భూతద్దంతో వచ్చాడు. "ఏందయ్యా జవహర్ ఇది? అగ్గిపుల్లనా?"

"అవును సార్."

"ఇది బొమ్మలు బాగుచేసే పోటీ అయ్యా, చెడగొట్టేది కాదు!"

కప్పు ఎవరిదో గుర్రం సిపాయికి పోయింది. బాపు ముఖం తలుచుకుని నేను నెత్తి పట్టుకున్నాను.

"నీ పేరేంది బిడ్డా?" అన్నాడు తాత. చెప్పాను. అరుంధతి దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని, పేరు లేని సిపాయిని తిరగేసి, అడుగున జవహర్ అని గీశాడు. తీసుకెళ్లి బూర సిపాయి పక్కన నిలబెట్టాడు.

"తాతా!" అని ఆమె గబుక్కున ఆ సిపాయిని తీసి వరస చివర పెట్టింది. "కొత్తవాళ్లు చివరే ఉండాలి."

ఆ తర్వాత తొమ్మిది ఆదివారాలు కోదాడ పోయాను. ఒకసారి ఉప్పలయ్య టోపీకి రంగు లేచిందని, ఒకసారి అగ్గిపుల్ల వదులైందని. తాత కోడలితో మాట్లాడుతున్నాడు, టబ్బును మాత్రం క్షమించలేదు. "కోదాడల ఏం బియ్యం అమ్ముతున్నవ్‌రా?" అని మా బాపు అడగని ఆదివారం లేదు. వెళ్లిన ప్రతిసారీ తాత నన్ను బూర పక్కన పెట్టేవాడు, అరుంధతి మళ్లీ చివరికి తోసేది. తొమ్మిదిసార్లు! నాకు విసుగు పుట్టి, ఇక పోవద్దనుకున్నాను.

పదో ఆదివారం పోయాను. వాన. ఇంట్లో అరుంధతి ఒక్కతే చాయ్ పెడుతోంది. కిటికీలో సిపాయిలు నిలబడి ఉన్నారు. జవహర్, బూర సిపాయి పక్కన, భుజం ఆనించి ఉన్నాడు.

"తాత మళ్ల జరిపినట్టుండు," అన్నాను.

"తాత త్రిపురారం పోయి మూడు రోజులైంది."

"మరి మీ అమ్మ?"

"అమ్మను ఆ కిటికీ దగ్గరికి ఎవరు రానిస్తారు?"

"మరింకెవరు..."

"అబ్బబ్బ! బొమ్మకు లేసులు గీసేంత బుర్ర ఉంది, ఇది తెలియదా నీకు?" ఠక్కున చాయ్ గ్లాసు కిటికీలో పెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూడకుండా, సిపాయిల వైపే చూస్తూ, తాత గొంతుతో గట్టిగా పిలిచింది.

"జవహర్!"

"హాజర్," అన్నాను.