తొమ్మిదో పాయింటు

పెట్టె పోయింది.

జానెడు ఇత్తడి పెట్టె. అరసవల్లిలో సావుకారు జగన్నాధం ఇంట్లోంచి పోయింది. అందులోని నగలు మాత్రం సావుకారువి కావు. పక్క ఊరి రైతు కూర్మమ్మవి. వేసవిలో పూరిళ్ళు అంటుకుంటాయని, ఎండలు ముదరకముందే బంగారం తెచ్చి సావుకార్ల పెంకుటిళ్ళలో దాచుకోవడం ఆ చుట్టుపక్కల అలవాటు. రసీదు అడగరు. అడిగితే తప్పు.

1968 మే నెల. సోమవారం మధ్యాహ్నం.

ఎస్సై నారాయణమూర్తి నౌపడ నుంచి అప్పుడే దిగాడు. అక్కడి ఉప్పు మడుల దగ్గర గొడవ. రెండు రాత్రులు బందోబస్తు. బూట్లు ఉప్పుతో తెల్లబడ్డాయి. కళ్ళు మండుతున్నాయి. స్టేషన్లో టేబుల్ మీద క్యారియర్ ఉంది. కొత్త పెళ్ళాం నీలవేణి పంపింది. మూత తీస్తే మామిడికాయ పప్పు వాసన. పైగిన్నెలో విడిగా, విస్తరాకులో చుట్టి, చిన్న బెల్లం ముక్క. అలసట ఒక్క క్షణం తప్పుకుంది.

"దొంగ దొరికేసినాడు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ అప్పలసూరి. "మీరు సంతకమెట్టేస్తే రిమాండుకి పంపించేస్తాను."

"ఎవడు?"

"గంగులని, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. కాంట్రాక్టరంటే పెద్దోడేం కాదు సార్. ఓ నిచ్చెన, ఓ సైకిలు. ఇళ్ళల్లో లైట్లు, ఫ్యాన్లు ఏసుకునే రకం. సావుకారు ఇంట్లో శనివారం పనిచేసినాడు. ఆదివారం పెట్టె లేదు."

"సాక్ష్యం?"

"లోపలి గదులకి ఎనిమిది లైటు పాయింట్లు ఎయ్యమన్నారు. ఈడు తొమ్మిదోది ఏసినాడు. ఎక్కడ? పెట్టె ఉన్న కొట్టుగదిలో. ఎందుకురా అంటే ఊరికే ఏసినానంటాడు. ఊరికే ఎవడైనా పని సేస్తాడేటి సార్?"

నారాయణమూర్తి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. క్యారియర్ మూత పెట్టేశాడు. తింటే నిద్ర ముంచుకొస్తుంది.

లాకప్‌లో గంగులు గోడకి ఆనుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. లేచి నిలబడ్డాడు.

"పెట్టె తీశావా?"

"నేదు బాబూ."

"కొట్టుగదిలోకి ఎందుకెళ్ళావు?"

"లైటెట్టడానికి."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవులూ సెప్పనేదు."

"మరి?"

గంగులు తల దించుకున్నాడు. "సెప్పినా నమ్మరు బాబూ. ఆ హెడ్డుగారు నవ్వీసినారు."

"నాకు నవ్వే ఓపిక లేదు. చెప్పు."

"పాయింటుకి పద్దెనిమిది రూపాయలన్నాను. పదిహేనిస్తే సాలు. బేరానికి మూడు ఏసుకుని సెప్పినాను. అందరం అలాగే సెప్తాం. సావుకారు ఒక్క మాటకి సరేనన్నారు. నా నోరెండిపోయింది. ఎనిమిది పాయింట్లకీ మూడేసి ఎక్కువ. ఆ డబ్బు అరుగుద్దా నాకు? అందుకని ఆ సీకటి కొట్టుగదికి ఓ లైటు ఊరికే ఎట్టీసినాను."

అప్పలసూరి వెనకనుంచి నవ్వాడు.

నారాయణమూర్తి నవ్వలేదు. నెల కిందట తన అద్దె ఇంటి వంటగదికి లైటు వేయించుకున్నాడు. పనివాడు పద్దెనిమిది అన్నాడు. తలుపు చాటునుంచి నీలవేణి పది అంది. పదిహేనుకి తెగింది. మూడు రూపాయలు తగ్గించానని ఆమె ఆ రోజంతా వెలిగిపోయే మొహంతో ఇల్లంతా తిరిగింది. ఆ పనివాడి మొహం కూడా అలాగే వెలిగిపోయింది.

"నేను జైలుకెల్తే ఎల్తాను బాబూ," అన్నాడు గంగులు. "కానీ దొంగన్న పేరొచ్చినాక నన్ను ఏ ఇంటి గడప తొక్కనిస్తారు? నా పనే ఇళ్ళల్లోకి ఎల్లే పని."

నారాయణమూర్తి టోపీ తీసుకున్నాడు. "ఇతన్ని కూడా తీసుకురా. అరసవల్లి వెళ్దాం."

జగన్నాధం ఇంటి ముందు కొట్టు, వెనక ఇల్లు. అరుగు మీద కూర్మమ్మ కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయినట్టుంది.

జగన్నాధం పనసతొనలు అమ్మేదానితో బేరంలో ఉన్నాడు. అణాకి నాలుగంటే ఏడు అడిగాడు. ఆరు ఇస్తానంది. వద్దన్నాడు. ఆమె గంప నెత్తికెత్తుకుంది. పిలిచాడు. దించింది. పోలీసులు నిలబడే ఉన్నారు.

చివరికి ఏడు తొనలూ, పైన కొసరు ఒకటీ తీసుకుని ఇటు తిరిగాడు.

"రండి బాబూ. దొంగని తెచ్చీసినారా?"

"మీ పెట్టె ఎక్కడుండేది?"

"కొట్టుగదిలో. అటక మీద."

"ఎప్పట్నుంచి?"

"కూర్మమ్మ ఇచ్చిన కాడ్నుంచీ అక్కడే. శనివారం పొద్దున్న కూడా సూసినాను. ఆదివారం నేదు."

"ఇతనికి పాయింటు రేటు ఎలా తెగింది?"

"పద్దెనిమిదన్నాడు. సరేనన్నాను. సిల్లర పని. బేరమేటి?"

"డబ్బిచ్చారా?"

"ఆదివారం ఇస్తానన్నాను. ఈలోగా ఇలాగయింది. దొంగకి డబ్బేటి బాబూ?"

నారాయణమూర్తి అరుగు అంచున కూర్చున్నాడు. కాళ్ళు పీకుతున్నాయి.

"సావుకారుగారూ, మీరు పనసతొనకి బేరమాడారు. నూట నలభై నాలుగు రూపాయల పనికి ఆడలేదు."

జగన్నాధం తొనలు పట్టుకునే నిలబడ్డాడు.

"చిన్న పనికి రేటు చెప్పేవాడు బేరం కోసం కొంత కలుపుకునే చెబుతాడు. ఆ సంగతి అందరికంటే మీకే బాగా తెలుసు. అయినా సరేనన్నారు. డబ్బు ఇవ్వదలుచుకోనివాడికి ఏ రేటయితే ఏం? మీకు కావలసింది లైట్లు కాదు. ఒక రోజంతా ఇంట్లో తిరిగే పరాయి మనిషి."

"ఇదేటి బాబూ అన్యాయం! ఆడు కొట్టుగదిలో దూరినాడా నేదా?"

"దూరాడు. పదండి చూద్దాం."

కొట్టుగదిలో కిటికీ లేదు. పట్టపగలే చీకటి. గోడకి కొత్త స్విచ్చి ఉంది.

"ఈ లైటు ఎన్నిసార్లు వేశారు?"

"ఎందుకేస్తాను? కరెంటు కాలదా? నాను తడుముకుని పోగలను."

నారాయణమూర్తి స్విచ్చి నొక్కాడు.

వెలుగు ఒక్కసారిగా నిండింది. గది మొత్తం బయటపడింది. శనివారం గంగులు వదిలివెళ్ళిన నిచ్చెన వేసి అప్పలసూరి అటక అంచుదాకా ఎక్కాడు.

"ఏముంది?"

అప్పలసూరి అటక మీద చెయ్యి ఆన్చి చూసుకున్నాడు. "దుమ్ము సార్."

"పెట్టె పెట్టిన చోటు?"

"అలాంటిదేటీ నేదు సార్. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే దుమ్ము. నా సెయ్యి ఎట్టిన కాడే మచ్చ పడతంది. ముందంతా సాలెగూడు. ఎక్కడా తెగనేదు."

జగన్నాధం మొదటిసారి తన అటక వైపు చూశాడు.

"నెలల తరబడి పెట్టె ఉంటే దాని చోటు ఖాళీగా ఉండాలి," అన్నాడు నారాయణమూర్తి. "ఇక్కడ ఏ పెట్టే ఎప్పుడూ లేదు. ముందు పడకగదిలోంచి పోయిందని చెబుదామనుకున్నారేమో. గంగులు అడక్కుండానే కొట్టుగదిలో లైటు పెట్టేసరికి మీకు కలిసొచ్చిందనిపించింది. పెట్టెని నోటితోనే ఇక్కడికి మార్చేశారు. లైటు వేసి ఒక్కసారి చూసుకుని ఉంటే ఈ మాట అనేవారు కాదు."

జగన్నాధం పనసతొనలు బస్తా మీద పెట్టాడు.

"ఎక్కడుంది?"

"సింతపండు బుట్టలో," అన్నాడు మెల్లగా.

అప్పలసూరి ఇంటి ముందున్న కొట్టులోకి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి మోచేతులదాకా చింతపండు. చేతిలో ఇత్తడి పెట్టె. కూర్మమ్మ మూత తీసి, ఒక్కొక్క నగా తడిమి చూసుకుంది. పమిట కొంగులో కట్టుకుంది. సావుకారు వైపు చూసింది.

"మా ఇల్లు కాలిపోద్దని నీ ఇంట్లో ఎట్టినానురా," అంది. అంతే.

పంచనామా రాశారు. సంతకాలయ్యాయి. అప్పలసూరి సావుకారుని గుమ్మం దాటించాడు. వీధిలోంచి జగన్నాధం వెనక్కి తిరిగాడు.

"ఆ కొట్టుగదిలో లైటు ఆర్పీయండి బాబూ. మీటరు తిరిగిపోతంది."

ఎవరూ కదలలేదు.

గంగులు తన నిచ్చెన భుజానికెత్తుకుని బయటికొచ్చాడు. అరుగు మీంచి దిగడానికి జంకుతున్నాడు. ఎదురింటి గుమ్మాల్లో జనం నిలబడి చూస్తున్నారు. శనివారం దాకా పేరు పెట్టి పిలిచినవాళ్ళే. ఇప్పుడు ఎవరూ పిలవలేదు.

కూర్మమ్మ దగ్గరికొచ్చింది.

"ఒరే గంగులూ."

"ఏటమ్మా?"

"ఈ బంగారం అమ్మి ఇంటికి పెంకులేయించుకుంటాను. ఏసినాక లోపల ఓ లైటెట్టాల. ఎంతవుద్ది?"

గంగులు నిచ్చెన కిందికి దించాడు. "పద్దెనిమిది."

"పద్దెనిమిదా! దొంగసచ్చినోడా, తొమ్మిదిస్తాను."

ఎదురింటివాళ్ళు నవ్వారు. గంగులు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"తొమ్మిదికి వైరన్నా రాదమ్మా. పదహారు."

"పది. ఇష్టమైతే రా, నేకపోతే మానీ."

నారాయణమూర్తి అరుగు మీద కూలబడి బూట్లు విప్పుకున్నాడు. స్టేషన్లో మామిడికాయ పప్పు చల్లారిపోయి ఉంటుంది. లేవాలి. కానీ బేరం ఇంకా తెగలేదు. ఎంతకి తెగిందో నీలవేణికి చెప్పాలి.